మోచేతి కింద అరచెయ్యి

సెలవులు అయిపోగానే పాప వాళ్ళ పిన్నితో వెళ్ళిపోవాలని నిర్ణయమైంది. ఎవరు నిర్ణయించారంటే చెప్పలేను. మా మరదలు అడిగింది. నేను కాదనలేదు. పాప పుస్తకంలోంచి తలెత్తకుండా "సరే" అంది. ఆ వేసవిలో మా ఇంట్లో నిర్ణయాలన్నీ అలాగే జరిగాయి, ఎవరూ చెయ్యకుండానే.

"అక్కడైతే కాలేజీ ఇంటి పక్కనే బావగారూ. మా పిల్లలుంటారు. చెవిన నాలుగు మాటలు పడతాయి," అంది మరదలు, వంటింట్లో గిన్నెలు తుడుస్తూ. అవి తడిసినవి కావు. పై అరలోంచి దించి వాడి చాలాకాలమైంది.

"ఇక్కడ మాత్రం మాటల్లేవా?" అన్నారు మా అత్తయ్య. నా భార్యకు బాగోలేనప్పుడు చూసుకోవడానికి వచ్చిన ఆవిడ, కూతురు పోయాక కూడా మాతోనే ఉండిపోయారు. ఉండమని నేను అనలేదు, వెళ్తానని ఆవిడా అనలేదు.

"గోడలకు చెవులుంటాయంటారు కదమ్మా. ఈ ఇంట్లో వాటికి కూడా పని లేదు."

అత్తయ్య నవ్వబోయి మానేశారు. మరదలు మాటలో తప్పేమీ లేదు. నా భార్య చలికాలం చివర్లో పోయింది. అప్పటినుంచి పాప తిన్నావా అంటే తిన్నానంటుంది, పడుకో అంటే పడుకుంటుంది. 'అమ్మ' అనే మాట మాత్రం ఆ పిల్ల నోట మళ్ళీ రాలేదు. నేను బడిలో భూగోళం చెబుతాను. పాఠం చెప్పడం నాకు వచ్చు. మాట్లాడటం వేరే విద్య. అది మా ఇంట్లో నా భార్యకు వచ్చు కాబట్టి నేను నేర్చుకోలేదు. వెళ్ళొద్దు తల్లీ అని ఒక్క మాట అంటే సరిపోతుందని తెలుసు. రోజూ పొద్దున్నే ఆ మాట అనుకునేవాణ్ణి, కాఫీ చల్లారేదాకా నోట్లోనే ఉంచుకునేవాణ్ణి.

సెలవులిచ్చిన మొదటి శనివారం మా గేటు దగ్గర ఇద్దరు నిలబడ్డారు. ఒకాయన సిటీ బస్సు కండక్టరు. డ్యూటీ చొక్కాతోనే వచ్చాడు. రెండో ఆమె పక్కవీధిలో పళ్ళ డాక్టరు. నా పన్ను ఒకటి పీకింది ఆవిడే.

"మాస్టారూ, తాళం కోసం వచ్చాం," అన్నాడు కండక్టరు. "ఇలా అడగడం బాగుండదు. ఇంకెలా అడగాలో ఇద్దరం దారంతా ఆలోచించాం. తోచలేదు."

"బడి హాలు తాళమా?"

"ఇన్నాళ్ళూ పార్కులో చేసుకున్నామండీ," అంది డాక్టరు. "అక్కడ కుక్కలు తరుముతున్నాయి."

"తరమడం కాదు మాస్టారూ, అవి కూడా మాతో కలుద్దామనే వస్తాయి. వాటికి అక్కగారు రూల్సు చెప్పలేదు, అంతే."

అక్కగారంటే నా భార్య. శనివారం సాయంత్రాలు ఆమె మా బడి హాల్లో అందరిచేతా డాన్సు చేయించేది. నేర్పేది అంటే ఆమె ఒప్పుకునేది కాదు. అక్కడ స్టెప్పులుండవు. అందరూ మొదట ఊరికే నడుస్తారు. నడుస్తుండగా ఎవరి ఒంట్లోనో ఒక కదలిక పుడుతుంది. భుజం ఎగరెయ్యడమో, మడమ మీద తిరగడమో, ఏదైనా సరే. నచ్చినవాళ్ళు దాన్ని అందుకుంటారు. కాసేపు ఉంచుకుని, తమకు కుదిరినట్టు మార్చుకుని, ఇంకొకరికి వదులుతారు. ఏళ్ళ తరబడి నాట్యం నేర్చుకున్న పళ్ళ డాక్టరూ, పాట వింటే కాలు కూడా ఊపని టైలరు తాతా పక్కపక్కన నడిచేవాళ్ళు. హాలు గుమ్మం పక్కన ఒక పలక ఉండేది. దాని మీద ఆమె చేతిరాత: 'డాన్సు వచ్చినవాళ్ళూ రానివాళ్ళూ రండి. తప్పు అనే మాటను చెప్పులతోపాటు బయటే వదలండి.'

పొద్దున లేస్తే తప్పులు దిద్దడమే నా బతుకు. అందుకని ఆ పలక దాటి నేనెప్పుడూ లోపలికి వెళ్ళలేదు. తాళం వేసుకురావడానికి వెళ్ళి మెట్ల మీద కూర్చునేవాణ్ణి. "మా ఆయన గుమ్మం దాకానే," అనేది ఆమె అందరితో.

మా హెడ్మాస్టరు ఒక షరతు మీద ఒప్పుకున్నారు. "హాలు ఆవిడకిచ్చాం. ఇప్పుడు ఆవిడ తరఫున ఇంటి మనిషి ఒకరు ఉండాలి. బాధ్యత మీది," అన్నారు. పాపను అడిగాను. తల్లి ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల ఒక్క శనివారం కూడా మానలేదు.

"నువ్వెళ్ళు నాన్నా," అంది, పేజీ తిప్పుతూ.

ఆ రకంగా నేను పలక దాటాను, దిద్దాల్సిన పేపర్ల కట్ట చంకలో పెట్టుకుని.

హాల్లో బెంచీలన్నీ ఒక మూలకు పేర్చి ఉన్నాయి. నేల మీద ఆటల కోసం గీసిన పసుపు గీతలు సగం చెరిగాయి. ఫినాయిలు వాసన, ఎండకు వేడెక్కిన చెక్క వాసన కలిసి ముక్కుకు తగిలాయి. కిటికీలు తీశాక వీధి చప్పుడు లోపలికి వచ్చింది. ఆ రోజు స్పీకరు పనిచెయ్యలేదు. "ఫ్యాను ఉందిగా," అన్నాడు కండక్టరు. ఆ పాత ఫ్యాను తిరిగినప్పుడల్లా ఒక మూలుగు, ఒక టక్కు. దాని వరసకే అందరూ నడవడం మొదలుపెట్టారు. నేను గోడవార బెంచీ మీద కూర్చుని ఎర్రపెన్ను తీశాను.

కాసేపటికి ఎందుకో తలెత్తాను.

కండక్టరు నడుస్తూ నడుస్తూ ఆగాడు. అతని కుడిచెయ్యి కిందికి వేలాడుతోంది. ఎడమ అరచెయ్యి వచ్చి కుడి మోచేతి కింద చేరింది. బరువు తూస్తున్నట్టు నెమ్మదిగా ఆ చేతిని పైకెత్తింది. చెయ్యి పైకి చేరాక తల కొంచెం దానివైపు వాలింది. తర్వాత వదిలేశాడు. పక్కనే పోతున్న డాక్టరు దాన్ని అందుకుంది. ఆమె నుంచి టైలరు తాత. ఆయన నుంచి నేనెప్పుడూ చూడని ఒక మనిషి, ప్యాంటు నిండా రంగుచుక్కలతో ఉన్నాడు. అందరిదీ అదే ఎత్తడం, అదే వాలు.

నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఆ కదలిక నాకు తెలుసు. అంతకు ముందటేడు నా భార్యకు కుడి భుజం పట్టేసింది. పై అరలో గిన్నె అందుకోవాలంటే ఎడమచేత్తో మోచెయ్యి పట్టుకుని ఎత్తుకునేది. నేను అందించబోతే, "ఉండండి, నా చెయ్యికి నా చెయ్యే సాయం. ఇంత అన్యోన్యత మీకెక్కడ దొరుకుతుంది," అనేది. భుజం నొప్పి భుజానిది కాదని ఆలస్యంగా తెలిసింది. హాల్లో ఆమె ఎవరికీ చెప్పలేదు. చెయ్యెత్తాల్సి వచ్చిన ప్రతిసారీ అలాగే ఎత్తి ఉంటుంది. వీళ్ళు ఆమెను చూసి చూసి అందుకున్నారు. అందుకోవడమే కదా అక్కడి పని.

మధ్యలో నీళ్ళు తాగేటప్పుడు రంగుచుక్కల మనిషి నా పక్కన కూర్చున్నాడు. ఇళ్ళకు రంగులు వేస్తాడట. పార్కు గోడకు రంగు వేస్తూ వీళ్ళను చూసి, బ్రష్షు కడిగి కలిశాడట.

"ఈ చెయ్యెత్తడం చూశారా మాస్టారూ? రోజంతా గోడమీదే ఉంటుంది నా చెయ్యి. సాయంత్రానికి నాదే కాదనిపిస్తుంది. ఇలా పట్టుకుని ఎత్తితే మళ్ళీ నాదవుతుంది. ఎవరు కనిపెట్టారో గానీ మహానుభావులు."

"అది అక్కగారి స్టెప్పు," అన్నాడు కండక్టరు. "స్టెప్పులు లేవు లేవు అంటూనే ఆ ఒక్కటీ ఇచ్చి పోయింది."

నేను సీసా మూత బిగించాను. అది బిగించే ఉంది.

ఇంటికి వచ్చాక అత్తయ్యకు చెప్పాను. ఆవిడ డాబా మీద ఎండిన బట్టలు తెచ్చి మడతపెడుతున్నారు.

"అందరూ అలాగే ఎత్తుతున్నారు అత్తయ్యా. ఆమెను చూడనివాడు కూడా. అదొక స్టెప్పనుకున్నారు."

ఆవిడ చేతిలో మడత ఆగిపోయింది. "పిచ్చిముండ," అన్నారు కూతుర్ని. "నొప్పని ఒక్కరికైనా చెప్పి చావలేదా." అని, ఆఖరి మాట విని తనే ఉలిక్కిపడి, ఆ బట్ట మళ్ళీ విప్పి మళ్ళీ మడిచారు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. పాప గుమ్మంలో నిలబడి ఉంది. ముఖం ఎర్రబడింది.

"అది స్టెప్పు కాదు," అంది.

"అవునమ్మా. వాళ్ళకు తెలీదు."

"తెలీకపోతే చెప్పు. నొప్పొస్తే ఎత్తుకున్న చెయ్యి అది. వాళ్ళు దాంతో ఆడుకుంటున్నారు. అందరూ వరసగా... నువ్వు చూస్తూ కూర్చున్నావా నాన్నా? మానేయమని చెప్పు."

చలికాలం తర్వాత ఆ పిల్ల నాతో అన్ని మాటలు కలిపి మాట్లాడటం అదే మొదటిసారి. నాకు బాధ కలగాలి. కలిగింది కూడా. కానీ దాని వెనక, ఎండిన పంపులో ఎక్కడో నీళ్ళ చప్పుడు వినబడ్డట్టు ఇంకొకటేదో కూడా కలిగింది. అది బయటపడకుండా, "చెప్తాను," అన్నాను.

మరుసటి శనివారం నడక మొదలవకముందే చెప్పాను. తరగతిలో చెప్పినట్టే నిలబడి చెప్పాను. నాకు వచ్చింది అదొక్కటే. మీరు ఎత్తుతున్నది నృత్యం కాదు, ఆవిడకు భుజం లేవకపోతే అలా ఎత్తుకునేది, మా అమ్మాయికి అది కష్టంగా ఉంది.

ఫ్యాను మూలుగు, టక్కు.

"నేను డాక్టర్ని," అంది చివరకు పళ్ళ డాక్టరు. "పళ్ళ డాక్టర్నే అనుకోండి. అయినా తెలుసుకోవాలి కదా. ఎంత బాగా ఎత్తుతోందో అనుకుంటూ చూశాను."

టైలరు తాత తన మోచెయ్యి తడుముకుంటున్నాడు. "నొప్పనుకోలేదు బాబూ. పసిపిల్లను ఎత్తుకుంటున్నట్టుగా ఉంటే, అదనుకున్నా."

"ఇంటివాళ్ళు వద్దంటే వద్దు," అన్నాడు కండక్టరు. "నడవండి."

నడిచారు. అయితే ఆ రోజు ఆ హాల్లో ఏ చెయ్యీ నడుము దాటి లేవలేదు. ఎవరి ఎడమచెయ్యి అయినా కదిలితే మధ్యలోనే ఆగిపోయేది, బస్సు కోసం పరుగెత్తి అది మన బస్సు కాదని తెలిసిన మనిషిలా. కండక్టరు రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకున్నాడు. "మరిచిపోదామంటే చెయ్యే గుర్తు చేస్తోంది మాస్టారూ," అన్నాడు. పెయింటరు అందరినీ మార్చి మార్చి చూశాడు. "నేను ఆవిణ్ణి చూడలేదు," అన్నాడు నెమ్మదిగా. "నాకు ఆవిడ అంటే అదే." ఆ రోజు తొందరగా తాళం వేశాం.

ఇంట్లో పాప నా కోసం చూస్తోంది. చూడనట్టు చూస్తోంది.

"చెప్పాను. మానేశారు."

"ఊఁ. ఎలా మానేశారు?"

"చేతులు జేబుల్లో పెట్టుకుని."

"డాక్టరాంటీకి జేబుల్లేవు కదా."

"ఆవిడ చేతులు కట్టుకుని నిలబడింది."

"తాత కూడానా?"

"తాత ఎక్కువ నడవలేదమ్మా. నా పక్కన కూర్చున్నాడు."

భోజనాల దగ్గర అత్తయ్య నీళ్ళ గ్లాసు జరుపుతూ, నన్ను కాక గ్లాసును చూస్తూ, "మొత్తానికి దాని గుర్తు ఆ నలుగురి దగ్గరా ఉండేది. అదీ ఊడబెరికి ఇంట్లో పెట్టుకున్నాం. ఏం చేసుకుంటామో," అన్నారు. ఎవరిని అన్నారో ఎవరూ అడగలేదు.

మరదలు ఫోన్ చేసింది. వచ్చే వారం వస్తానంది, పాప బట్టలు సర్దిపెట్టమంది. సర్దడం మొదలుపెట్టినట్టు లోపలి గదిలో బీరువా తలుపు చప్పుడైంది. నేను వరండాలో కూర్చుని, రోజూ అనుకునే మాటే మళ్ళీ అనుకున్నాను.

శనివారం నేను చెప్పులు వేసుకుంటుంటే పాప వచ్చి తన చెప్పులు వేసుకుంది. ఎక్కడికని అడగలేదు. అడిగితే ఆగిపోతుందేమోనని వీధి చివరిదాకా గొంతు కూడా సవరించుకోలేదు.

పలక దగ్గర ఆ పిల్ల ఆగింది. అక్షరాల మీద దుమ్ము పడింది. తుడవకుండా, చెప్పులు వదిలి లోపలికి వచ్చి, నా పక్కన బెంచీ మీద కూర్చుంది. లోపలివాళ్ళు చూశారు. ఎవరూ దగ్గరకు రాలేదు. కండక్టరు మాత్రం దూరం నుంచే, "హాజరు వేసుకున్నాం," అన్నాడు.

మళ్ళీ అదే నడక. చేతులు తాళ్ళతో కట్టినట్టున్నాయి. డాక్టరు మడమ మీద తిరిగింది, ఎవరూ అందుకోలేదు. పెయింటరు వంగాడు, లేచాడు, అది కూడా అక్కడే పడిపోయింది. పాప మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని చూస్తోంది. ఏమనుకుంటోందో నాకు తెలియలేదు. సంతోషంగా మాత్రం లేదు.

అప్పుడు టైలరు తాత మరిచిపోయాడు. వయసు మహిమ అనుకోవాలి. కిటికీలోంచి ఎండ పడుతున్నచోట ఆగి, కళ్ళు మూసుకుని, ఎడమచెయ్యి కుడి మోచేతి కింద పెట్టి ఎత్తడం మొదలుపెట్టాడు. సగం ఎత్తాక గుర్తొచ్చింది. కళ్ళు తెరిచి పాపను చూశాడు. దించలేదు, ఎత్తలేదు. తప్పు చేసి దొరికిన పిల్లల ముఖాలు నేను చాలా చూశాను. ఆ వయసు మనిషి ముఖం అలా ఉండటం చూడలేక పేపర్ల వైపు తిరిగాను.

బెంచీ కిర్రుమంది. పాప లేచింది.

తిన్నగా ఆయన దగ్గరకు వెళ్ళింది. ఆయన మోచేతి కిందున్న ఎడమచేతిని తీసి పక్కన పెట్టింది.

"అలా కాదు తాతా," అంది.

ఆ హాల్లో ఆ మాట ఎవరూ ఎవరితోనూ అనరు.

"ఎముక మీద పట్టుకుంటే అమ్మకు నొప్పి. కాస్త కింద, ఇక్కడ, కండ ఉన్నచోట. అరచెయ్యి తెరిచి ఉంచాలి. పట్టుకోకూడదు. ఊరికే ఆనించాలి, తనే వస్తుంది." తన అరచెయ్యి ఆయన ముంజేతి కింద పెట్టి చూపించింది. "స్వెటరు తొడిగేటప్పుడు ఇలా ఎత్తేదాన్ని. రోజూ."

తాత చెయ్యి ఆ చిన్న అరచేతి మీద పైకి లేచింది. చివర తల దానివైపు వాలుతుంటే, పాప తన రెండో చేత్తో ఆయన తల కూడా కొంచెం సర్దింది.

కండక్టరు జేబుల్లోంచి చేతులు తీశాడు. మోచెయ్యి పట్టుకుని, ఆగి, అరచేతిని కాస్త కిందికి జరుపుకుని తెరిచాడు. డాక్టరు జరుపుకుంది. పెయింటరు కూడా.

నా ఒళ్ళో పేపర్లు ఎప్పుడు జారాయో తెలియదు. అవి ఏరుకుందామని లేచాను. లేచినవాణ్ణి ఏరలేదు. పాప అక్కడినుంచే నా వైపు చూసి, "గుమ్మం దాటి వచ్చావు కదా నాన్నా, ఇంకా నించున్నావెందుకు," అంది. గొంతు అచ్చం వాళ్ళమ్మది.

నడిచాను. ఎలా నడిచానో అడగొద్దు. "మాస్టారు ప్రార్థనకు లైన్లో వెళ్తున్నారు," అన్నాడు కండక్టరు వెనకనుంచి. పాప నవ్వింది. ఆ నవ్వు ముందు వచ్చి, ఏడుపు దాని వెనక వచ్చింది. రెండూ కలిసే ఉన్నాయి చాలాసేపు. డాక్టరు వెళ్ళి పాపను హత్తుకుంది. నేను పక్కన నడుస్తూనే ఉన్నాను. ఆగకూడదనిపించింది.

మరదలు వచ్చిన రోజు వరండాలో పాప పెట్టె లేదు.

"ఇంకా సర్దలేదా?" అంది మా ముగ్గురినీ చూస్తూ.

నేను నోరు తెరిచాను. వేసవంతా దాచిన మాట నోటిదాకా వచ్చింది. ఈసారి నిజంగానే అనేవాణ్ణి.

"శనివారాలు నాకు పని ఉంది పిన్నీ," అంది పాప.

"శనివారాలేనా? మిగతా రోజులు?"

"మిగతా రోజులు శనివారం కోసం ఎదురుచూస్తుంది," అన్నారు అత్తయ్య. "నువ్వు కూచోవే. కాఫీ తాగి, ఈసారి ఖాళీ చేతుల్తో వెళ్ళు."

మరదలు వాళ్ళక్క కుర్చీలో కూర్చుంది. అందరికంటే ముందు తనే ఏడ్చింది, తర్వాత తనే కాఫీ కలిపింది. నాకు ఆ మాట అనే అవసరం రాలేదు. అయినా సాయంత్రం గేటు దాకా మరదల్ని సాగనంపి వచ్చాక పాపతో అన్నాను. "వెళ్ళొద్దనుకున్నాను తల్లీ." "తెలుసు," అంది. "కాఫీ రోజూ చల్లారిపోయేది కదా."

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. టైలరు తాత లేడు. హాల్లో ఫ్యాను మార్చారు. కొత్తది చప్పుడు చెయ్యదు, కండక్టరుకు అదంటే గిట్టదు. శనివారాలు ఇప్పుడు పాపవి. పలక మీద అక్షరాలు చెరిగినచోటల్లా తనే సుద్దతో దిద్దింది, వాళ్ళమ్మ రాతలాగే.

నాకు కూడా వయసు మీదపడింది. తరగతిలో బోర్డు పైభాగాన తేదీ వేసేటప్పుడు ఎడమచెయ్యి దానంతటదే కుడి మోచేతి కిందికి వెళ్తుంది. నొప్పి ఉందా అంటే పెద్దగా లేదు.

మొన్న పటం మీద ఒక నది గుర్తించమని ఒక అమ్మాయిని పిలిచాను. బోర్డు మీద పటం కాస్త ఎత్తులో గీసి ఉంది. సుద్దముక్క పట్టుకున్న చేతిని ఆ పిల్ల రెండో చేత్తో మోచేతి దగ్గర పట్టుకుని పైకెత్తింది. వెనక బెంచీలవాళ్ళు ఎవరూ నవ్వలేదు. పైన రాయాలంటే అలాగే రాస్తారనుకున్నారు కాబోలు.

"అలా కాదమ్మా," అన్నాను. "కాస్త కింద."

అరచేతిని కిందికి జరుపుకుని, వేళ్ళు తెరిచి, నది పుట్టినచోట చుక్క పెట్టింది.